26 గిగాహెర్ట్జ్ రేడియో ఓవర్ ఫైబర్: 5 కిలోమీటర్ల దగ్గర పైలట్ మాయం, 10 దగ్గర మళ్లీ ప్రత్యక్షం. ఎందుకు?

కైలాసగిరి_ఎంటెక్

అందరికీ నమస్కారం. వైజాగ్‌లో ఎంటెక్ చేస్తున్నాను, కమ్యూనికేషన్స్. ప్రాజెక్టు రేడియో ఓవర్ ఫైబర్ మీద, అంటే రేడియో సిగ్నల్‌ని వెలుగు మీద ఎక్కించి ఫైబర్‌లో పంపడం. మా గైడ్ సార్ "లింక్‌లో పైలట్ పెట్టి సిమ్యులేట్ చెయ్యి" అన్నారు. పైలట్ అంటే డేటాతో పాటు పంపే, ముందే తెలిసిన సిగ్నల్. ఏ పైలట్, ఎందుకు, ఎంత పవర్ అన్నది నేనే తేల్చుకోవాలి. ల్యాబ్‌లో హార్డ్‌వేర్ లేదు, కాబట్టి ఉన్నదంతా ఆప్టిసిస్టమ్ (ఫైబర్ లింక్ సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్), మ్యాట్‌ల్యాబ్ మాత్రమే.

సెటప్ ఇదీ. 1550 నానోమీటర్ల లేజర్, పుష్-పుల్ మాక్-జెండర్ మాడ్యులేటర్ (వెలుగు మీద సిగ్నల్ ఎక్కించేది) క్వాడ్రేచర్ బయాస్‌లో (పూర్తి వెలుగుకీ పూర్తి చీకటికీ సరిగ్గా సగం దగ్గర), మామూలు సింగిల్ మోడ్ ఫైబర్, చివర ఫొటోడయోడ్. డిస్పర్షన్ (ఒక్కో రంగు ఒక్కో వేగంతో పోవడం) 17 పికోసెకన్లు, అంటే ప్రతి నానోమీటర్‌కి, ప్రతి కిలోమీటర్‌కి. నష్టం కిలోమీటర్‌కి 0.2 డీబీ. మన దగ్గర 2022 వేలంలో 5జీకి ఇచ్చిన 26 గిగాహెర్ట్జ్ బ్యాండ్ కదా అని పైలట్ టోన్ సరిగ్గా 26 గిగాహెర్ట్జ్ దగ్గర పెట్టాను. దాని పక్కన 100 మెగాహెర్ట్జ్ వెడల్పుతో 64 క్యూఏఎం ఓఎఫ్‌డీఎం డేటా (ఎన్నో సన్నటి సబ్‌క్యారియర్ల మీద, ఒక్కోదానికి 64 పాయింట్లతో బిట్లు ఎక్కించేది) కలపాలి. ప్రస్తుతానికి పైలట్ ఒక్కటే పంపి చూస్తున్నాను. గ్లోబల్ పారామీటర్లు: బిట్ రేట్ 10 గిగాబిట్లు, 128 బిట్లు, బిట్‌కి 64 శాంపిల్స్.

ఇప్పుడు తలనొప్పులు.

ఫైబర్ లేకుండా చూస్తే పైలట్ బాగానే ఉంది. 5 కిలోమీటర్ల ఫైబర్ పెట్టగానే దాదాపు 20 డీబీ పడిపోయింది. సరే నష్టం ఏమో అనుకుని 10 కిలోమీటర్లు పెడితే 4 డీబీ మాత్రమే తగ్గింది! దూరం రెట్టింపు చేస్తే సిగ్నల్ పెరగడం ఏమిటి? ప్రాజెక్టు కొత్తగా తెరిచి మళ్లీ కట్టినా అదే వస్తోంది. ఇది సాఫ్ట్‌వేర్ బగ్గా?

ఇంకోటి, స్పెక్ట్రమ్‌లో పైలట్ సూదిలా ఒకే గీతగా రావాలి కదా, నాకు మాత్రం అడుగున రెండు పక్కలా వాలుగా పాదం లాగా పరుచుకుని వస్తోంది. లేజర్ లైన్‌విడ్త్ (లేజర్ రంగు ఎంత వెడల్పుగా పరుచుకుందో) సున్నా పెట్టినా పోవట్లేదు.

మూడోది, మాడ్యులేటర్ బయాస్ జరిగిపోకుండా చూసే చిన్న పైలట్ ఒకటి ఉంటుందని చదివి బయాస్ మీద 10 కిలోహెర్ట్జ్ సైన్ వేవ్ కలిపాను. అది ఎక్కడా కనిపించట్లేదు, ఉందో లేదో కూడా తెలియట్లేదు.

చివరిగా, డేటా పవర్‌తో పోలిస్తే పైలట్ పవర్ ఎంత ఉండాలి? రివ్యూ దగ్గర పడుతోంది, టెన్షన్‌గా ఉంది. ఎవరైనా కొంచెం వివరంగా చెప్పండి ప్లీజ్.

సిరిపురం_స్కాలర్

బగ్ కాదమ్మా. నీకు వచ్చిన రెండు అంకెలూ కరెక్టే, పైగా చాలా మంచి రిజల్ట్. రివ్యూలో మొదటి స్లైడ్‌గా ఇదే పెట్టు.

మాడ్యులేటర్ నుంచి బయటికొచ్చే వెలుగులో మధ్యలో క్యారియర్, దానికి 26 గిగాహెర్ట్జ్ పైన ఒక సైడ్‌బ్యాండ్, 26 కింద ఒక సైడ్‌బ్యాండ్ ఉంటాయి. ఫొటోడయోడ్ వెలుగు తీవ్రతని మాత్రమే చూస్తుంది కాబట్టి పై సైడ్‌బ్యాండ్ క్యారియర్‌తో కలిసి ఒక 26 గిగాహెర్ట్జ్ కరెంట్ ఇస్తుంది, కింది సైడ్‌బ్యాండ్ క్యారియర్‌తో కలిసి ఇంకో 26 గిగాహెర్ట్జ్ కరెంట్ ఇస్తుంది. నీ స్పెక్ట్రమ్‌లో కనిపించే పైలట్ ఈ రెండింటి మొత్తం. ఫైబర్ లేనప్పుడు రెండూ ఒకే ఫేజ్‌లో ఉంటాయి. ఫైబర్‌లో ఒక్కో రంగు ఒక్కో వేగంతో పోతుంది గనక దూరం పెరిగే కొద్దీ రెండింటి మధ్య ఫేజ్ తేడా పెరుగుతుంది. ఆ తేడా 180 డిగ్రీలు అయిన చోట ఒక గుంజని రెండు వైపుల నుంచీ సమానంగా లాగినట్టు అవుతుంది, బయటికి ఏమీ రాదు. ఇంకా ముందుకి పోతే 360 డిగ్రీలు అయి మళ్లీ కలిసిపోతాయి.

లెక్క: తరంగదైర్ఘ్యం వర్గం, డిస్పర్షన్, పొడవు, ఆర్ఎఫ్ ఫ్రీక్వెన్సీ వర్గం, ఈ నాలుగూ గుణించి కాంతి వేగంతో భాగించు. ఆ వచ్చిన సంఖ్యని పై (π)తో గుణించి దాని కొసైన్ వర్గం తీసుకుంటే పవర్ ఎన్నో వంతు మిగిలిందో వస్తుంది. ఆ సంఖ్య సగం అయిన చోట నల్, అంటే సిగ్నల్ సున్నా. నీ అంకెలు వేస్తే మొదటి నల్ 5.43 కిలోమీటర్ల దగ్గర పడుతుంది. 5 కిలోమీటర్లు అంటే నల్‌కి ఆనుకుని ఉన్నట్టే, అక్కడ డిస్పర్షన్ వల్లే 18 డీబీ పోతుంది. ఫైబర్ నష్టం ఆప్టికల్‌గా 1 డీబీ, కానీ ఫొటోడయోడ్ కరెంట్ ఆప్టికల్ పవర్‌కి అనులోమం, ఎలక్ట్రికల్ పవర్ ఆ కరెంట్ వర్గానికి అనులోమం కాబట్టి ఎలక్ట్రికల్‌లో 2 డీబీ. మొత్తం 20. నువ్వు చూసింది అదే. 10 కిలోమీటర్ల దగ్గర డిస్పర్షన్ నష్టం 0.3 డీబీ కూడా లేదు, ఎందుకంటే 10.86 దగ్గర పూర్తిగా కోలుకుంటుంది, నువ్వు దానికి దగ్గర్లో ఉన్నావు. ఫైబర్ నష్టం 4 డీబీ. అదీ సరిపోయింది.

16.3 కిలోమీటర్ల దగ్గర ఇంకో నల్ ఉంటుంది, పెట్టి చూడు. ఇదే 60 గిగాహెర్ట్జ్ అయితే మొదటి నల్ దాదాపు 1 కిలోమీటర్‌కే వచ్చేస్తుంది. అందుకే మిల్లీమీటర్ వేవ్ పనిలో ఎవరూ మామూలు డబుల్ సైడ్‌బ్యాండ్‌తో దూరం పోరు.

తప్పించుకోవాలంటే డ్యుయల్ డ్రైవ్ మాడ్యులేటర్ తీసుకుని రెండు చేతులకీ ఒకే ఆర్ఎఫ్‌ని 90 డిగ్రీల తేడాతో ఇచ్చి, క్వాడ్రేచర్ బయాస్‌లో పెట్టు, ఒక సైడ్‌బ్యాండ్ రద్దయిపోతుంది. ఒక్క సైడ్‌బ్యాండే ఉంటే కొట్టుకోవడానికి రెండోది లేదు. లేదంటే ఆప్టికల్ ఫిల్టర్‌తో ఒకదాన్ని కోసెయ్. లేదా 1310 నానోమీటర్లకి పో, మామూలు ఫైబర్‌కి అక్కడ డిస్పర్షన్ దాదాపు సున్నా, కాకపోతే నష్టం కిలోమీటర్‌కి 0.35 డీబీ దాకా ఉంటుంది. లేదా అసలు 26 గిగాహెర్ట్జ్‌ని ఫైబర్‌లో పంపకు, డేటాని 3 గిగాహెర్ట్జ్ దగ్గర పంపి యాంటెన్నా దగ్గర ఫ్రీక్వెన్సీని 26కి పైకెత్తు. 3 గిగాహెర్ట్జ్‌కి మొదటి నల్ 400 కిలోమీటర్ల అవతల ఉంటుంది, నీకు ఎప్పటికీ అడ్డురాదు.

రుషికొండ_డీఎస్పీ

ఫేడింగ్ (డిస్పర్షన్ వల్ల పవర్ పడిపోవడం) గురించి పైన చక్కగా చెప్పారు. మిగతా రెండు సమస్యలకీ మూలం ఒక్కటే, టైమ్ విండో.

128 బిట్లు, 10 గిగాబిట్లు అంటే నీ సిమ్యులేషన్ మొత్తం 12.8 నానోసెకన్లు. శాంపిల్ రేట్ 640 గిగాహెర్ట్జ్, శాంపిల్స్ 8192. స్పెక్ట్రమ్‌లో ఒక్కో బిన్ (ఫ్రీక్వెన్సీ గడి) మధ్య దూరం విండోకి తలకిందులు, అంటే 78.125 మెగాహెర్ట్జ్. ఇప్పుడు 26 గిగాహెర్ట్జ్‌ని దానితో భాగించు: 332.8. పూర్ణసంఖ్య కాదు. అంటే విండో అయిపోయేసరికి నీ సైన్ వేవ్ సైకిల్ మధ్యలో తెగిపోతోంది. స్పెక్ట్రమ్ లెక్కేసే ఎఫ్ఎఫ్‌టీ ఆ విండోనే మళ్లీ మళ్లీ అతికించినట్టు భావిస్తుంది, అతుకు దగ్గర కుదుపు వస్తుంది, ఆ కుదుపే నీకు కనిపించే పాదం. అది లేజర్‌ది కాదు, లైన్‌విడ్త్ సున్నా చేసినా పోకపోవడమే దానికి సాక్ష్యం. నమ్మకం కుదరకపోతే పైలట్‌ని 26.015625 గిగాహెర్ట్జ్‌కి జరిపి చూడు, అది సరిగ్గా 333వ బిన్, పాదం మాయమై గీత ఒక్కటే నిలబడుతుంది.

ఇక నువ్వు కలపబోయే డేటా సంగతి. 100 మెగాహెర్ట్జ్ బ్యాండ్ ఈ విండోలో ఒకటింపావు బిన్. అందులో ఓఎఫ్‌డీఎం ఎక్కడ పడుతుంది? వైఫైలో పాత 802.11ఏ తీసుకున్నా సబ్‌క్యారియర్ల మధ్య దూరం 312.5 కిలోహెర్ట్జ్, సింబల్ 4 మైక్రోసెకన్లు. 5జీలో ఈ బ్యాండ్‌లో 120 కిలోహెర్ట్జ్ స్పేసింగ్ వాడితే సైక్లిక్ ప్రిఫిక్స్ కాకుండానే సింబల్ 8.33 మైక్రోసెకన్లు. నీ విండో అందులో ఆరువందో వంతు కూడా లేదు.

నేనైతే ముందు పైలట్ ఒక్కదానికి శాంపిల్ రేట్ 204.8 గిగాహెర్ట్జ్, శాంపిల్స్ 262144 పెడతాను. విండో 1.28 మైక్రోసెకన్లు, బిన్ 781.25 కిలోహెర్ట్జ్, 26 గిగాహెర్ట్జ్ సరిగ్గా 33280వ బిన్‌లో కూర్చుంటుంది. శాంపిల్ రేట్ ఇంకా తగ్గించి 102.4 చేద్దామనిపిస్తుంది, చెయ్యకు. మాడ్యులేటర్ రెండో ఆర్డర్ సైడ్‌బ్యాండ్ 52 గిగాహెర్ట్జ్ దగ్గర వస్తుంది, 102.4 శాంపిల్ రేట్‌లో హద్దు 51.2, కాబట్టి అది మడతపడి అవతలి వైపు మైనస్ 50.4 దగ్గర తేలుతుంది. అలాంటి లేని సిగ్నల్‌ని పట్టుకుని కారణాలు వెతుక్కుంటూ కూర్చుంటాం.

డేటా కలిపాక విండో సింబల్స్‌కి సరిపడా పెంచాలి. ఒక్క 8.33 మైక్రోసెకన్ల సింబల్‌కే ఈ రేట్‌లో 17 లక్షల శాంపిల్స్. 14 సింబల్స్ స్లాట్ మొత్తం కావాలంటే రెండున్నర కోట్లు దాటుతుంది. ల్యాప్‌టాప్ మూలుగుతుంది. మ్యాట్‌ల్యాబ్ ఉంది కదా, క్యారియర్, పై బ్యాండ్, కింది బ్యాండ్ మూడింటినీ మూడు వేర్వేరు నారోబ్యాండ్ ఎన్వలప్‌లుగా తక్కువ శాంపిల్ రేట్‌లో నడుపు. ఫైబర్ లీనియర్‌గా ఉన్నంతవరకు ఒక్కోదానికి దాని ఫేజ్, దాని డిలే ఇస్తే చాలు, ఫొటోడయోడ్ దగ్గర గుణించి కలుపు. మొదట ఒక చిన్న కేస్‌కి రెండు పద్ధతులూ పోల్చి సరిపోతున్నాయని చూపించు, రివ్యూలో ఆ గ్రాఫ్‌కి విలువ ఉంటుంది.

బయాస్ పైలట్ కథ కూడా ఇంతే. 10 కిలోహెర్ట్జ్‌కి ఒక్క సైకిల్ 100 మైక్రోసెకన్లు. 12.8 నానోసెకన్లలో అది కదిలినట్టే ఉండదు, నీ బయాస్‌కి ఒక చిన్న డీసీ కలిసినట్టు అవుతుంది అంతే. 640 గిగాహెర్ట్జ్‌లో ఒక్క సైకిల్ చూడాలంటే 6.4 కోట్ల శాంపిల్స్. దాన్ని ఈ లింక్‌లో చూడాలని ప్రయత్నించకు, విడిగా చెయ్యి. మాడ్యులేటర్ ట్రాన్స్‌ఫర్ కర్వ్ ఒక్కటి తీసుకుని దాని మీద మెల్లటి సైన్ వేవ్ ఆడించు. క్వాడ్రేచర్ దగ్గర వాలు గరిష్ఠం, వంపు సున్నా, కాబట్టి అవుట్‌పుట్‌లో 10 కిలోహెర్ట్జ్ బలంగా ఉంటుంది, 20 కిలోహెర్ట్జ్ ఉండదు. నల్ బయాస్ (వెలుగు పూర్తిగా ఆగే చోటు) దగ్గర అంతా తలకిందులు, 10 పోతుంది, 20 మిగులుతుంది. బయాస్ జరిగిందో లేదో ఆ 20 కిలోహెర్ట్జ్ ఎంత పైకి లేచిందో, ఏ గుర్తుతో లేచిందో చూసి కంట్రోల్ సర్క్యూట్ తెలుసుకుంటుంది. మ్యాట్‌ల్యాబ్‌లో ఇది చిన్న పని.

టవర్‌లైన్_గాజువాక

నేను ఫీల్డ్ మనిషిని, సిమ్యులేషన్ తెలీదు, కానీ పైలట్ అసలు ఎందుకు పెడతారో నేను రోజూ చూసేది చెప్తా.

మాల్స్‌లో, పెద్ద హాస్పిటళ్లలో, ఎయిర్‌పోర్టుల్లో లోపల సిగ్నల్ కోసం యాంటెన్నా సిస్టమ్ పెడతాం కదా, అందులో చాలావరకు ఆపరేటర్ ఆర్ఎఫ్‌నే ఫైబర్‌లో అనలాగ్‌గా పంపుతాం. అదే మీ రేడియో ఓవర్ ఫైబర్. అక్కడ హెడ్ ఎండ్ నుంచి తెలిసిన లెవెల్‌తో ఒక పైలట్ పోతుంది. అవతల రిమోట్ యూనిట్ దాన్ని కొలిచి దారిలో ఎంత పోయిందో చూసుకుని గెయిన్ సర్దుకుంటుంది. డిస్పర్షన్ గొడవ మాకు ఉండదు, 3.5 గిగాహెర్ట్జ్ లోపు, ఒకటి రెండు కిలోమీటర్ల ఫైబర్. మా శత్రువు కనెక్టర్ మీద మురికి. బీచ్ పక్క సైట్లలో బాక్స్ సీల్ సరిగా లేకపోతే ఉప్పుగాలికి తేమ పట్టేస్తుంది, స్కోప్ పెట్టి చూస్తే కనెక్టర్ ముఖం మీద మచ్చలు, ఫైబర్ మధ్య గుండ్రం దాకా పాకి ఉంటాయి. తుడిచి పెడితే ఆప్టికల్‌గా అర డీబీ వచ్చినా ఆర్ఎఫ్‌లో ఒక డీబీ తిరిగొస్తుంది. ఇప్పుడు స్కాలర్ గారు చెప్పిన రెండింతల లెక్క ఇదే.

2014 అక్టోబర్ హుద్‌హుద్ తరవాత స్తంభాల మీద ఫైబర్ ఎక్కడికక్కడ తెగిపోతే అతుకులు వేసుకుంటూ పోయాం. అతుకు అతుక్కీ కొంచెం కొంచెం పోయి లింక్ లెవెల్స్ అన్నీ మారిపోయాయి. పైలట్ ఉన్న సిస్టమ్స్ వాటంతట అవే సర్దుకున్నాయి, లేనివి ఒక్కోటీ మనిషి వెళ్లి సెట్ చేయాల్సొచ్చింది.

ఇంకో మాట. సిమ్యులేషన్‌లో ఫైబర్‌కి ఎండ తగలదు గురూ. మన దగ్గర స్తంభం మీద వేలాడే కేబుల్ పొద్దున ఒకలా, మధ్యాహ్నం ఒకలా ఉంటుంది. దాని వల్ల ఏమవుతుందో లెక్క చదువుకున్నవాళ్లు చెప్పాలి.

సిరిపురం_స్కాలర్

గాజువాక గారూ, చాలా పనికొచ్చే మాట. మామూలు ఫైబర్‌లో ఒక డిగ్రీ ఉష్ణోగ్రత పెరిగితే కిలోమీటర్‌కి దాదాపు 37 పికోసెకన్లు ఆలస్యం పెరుగుతుంది. 26 గిగాహెర్ట్జ్‌కి ఒక సైకిల్ 38.5 పికోసెకన్లు. అంటే ఒక కిలోమీటర్, ఒక డిగ్రీకే ఫేజ్ దాదాపు ఒక చుట్టు తిరిగొస్తుంది. 10 కిలోమీటర్ల కేబుల్ పొద్దున్నుంచి మధ్యాహ్నానికి 10 డిగ్రీలు వేడెక్కితే 3.7 నానోసెకన్లు, తొంభై చుట్ల పైనే. మెల్లగా తిరుగుతుంది కాబట్టి పైలట్‌తో వెంబడించవచ్చు, కానీ పైలట్ లేకుండా యాంటెన్నా దగ్గర ఫేజ్ మీద ఆధారపడే ఏ పనీ జరగదు. పుణె దగ్గర జీఎంఆర్‌టీ టెలిస్కోప్‌లో 30 డిష్‌లు, ఒక్కోటీ 45 మీటర్లు, పాతిక కిలోమీటర్ల మేర పరుచుకుని ఉంటాయి. వాటి సిగ్నల్స్ అనలాగ్‌గా ఫైబర్ మీదే సెంట్రల్ బిల్డింగ్‌కి వస్తాయి, వాటికి కావాల్సిన రెఫరెన్స్ కూడా ఫైబర్ మీదే పోతుంది. అన్ని డిష్‌ల ఫేజ్ కలవకపోతే ఆకాశం బొమ్మ రాదు. చిలీలో ఆల్మాలో 66 యాంటెన్నాలకి అయితే వెలుగుని వెనక్కి తిప్పి పంపి, పోయి వచ్చిన దూరం కొలిచి సరిచేస్తారు.

చెల్లెమ్మా, దీన్ని నీ సిమ్యులేషన్‌లో పెట్టడం తేలిక. మెల్లగా మారే డిలే ఒకటి ఫైబర్ తరవాత కలుపు. 10 కిలోమీటర్ల ఉదాహరణే తీసుకుంటే, పైలట్ ఫేజ్ తీసేశాక డేటా బ్యాండ్ ఈ అంచు నుంచి ఆ అంచుకి ఎంత వాలు మిగిలిందో చూడు. 100 మెగాహెర్ట్జ్‌కి 3.7 నానోసెకన్లు అంటే సుమారు 130 డిగ్రీలు. దాన్ని పక్కనున్న పైలట్ టోన్ ఒక్కటీ సరిచేయలేదు, బ్యాండ్ లోపల పైలట్ సబ్‌క్యారియర్లు కావాలి.

కైలాసగిరి_ఎంటెక్

అన్నా, మేడం, గాజువాక గారూ, చాలా చాలా థాంక్స్. 26.015625 పెట్టగానే పాదం పోయింది, గీత ఒక్కటే నిలబడింది. 16.3 కిలోమీటర్ల దగ్గర రెండో నల్ కూడా చెప్పిన చోటే వచ్చింది! గైడ్ సార్‌కి చూపిస్తే పొడవు మార్చుతూ మొత్తం కర్వ్ గీయమన్నారు.

ఇప్పుడు కొత్త డౌట్. చాలా పేపర్లలో పైలట్ టోన్ పెడితే లేజర్ ఫేజ్ నాయిజ్ పోతుంది అని ఉంది. నేను లైన్‌విడ్త్ 10 మెగాహెర్ట్జ్ పెట్టి చూశా, పైలట్ వాడినా వాడకపోయినా పెద్ద తేడా రావట్లేదు. మరి నా పైలట్‌కి పనేంటి? పవర్ ఎంత పెట్టాలన్నది కూడా ఇంకా తేలలేదు.

రుషికొండ_డీఎస్పీ

మేడం ఎందుకులే, అక్క అను చాలు.

తేడా రాకపోవడమే సరైనది. నీ లింక్‌లో క్యారియర్, సైడ్‌బ్యాండ్లు ఒకే లేజర్ నుంచి పుట్టాయి. లేజర్ ఫేజ్ ఎలా వణికినా అన్నీ కలిసే వణుకుతాయి, ఫొటోడయోడ్ దగ్గర తేడా మాత్రమే మిగులుతుంది కాబట్టి రద్దయిపోతుంది. రద్దు కాకుండా మిగిలేది డిస్పర్షన్ వల్ల సైడ్‌బ్యాండ్ కొంచెం ముందో వెనకో వచ్చినంత మేరకే. 26 గిగాహెర్ట్జ్ అంటే 0.21 నానోమీటర్లు, 10 కిలోమీటర్లకి 35 పికోసెకన్లు, 10 మెగాహెర్ట్జ్ లైన్‌విడ్త్‌కి మిగిలే ఫేజ్ నాయిజ్ రెండు మూడు డిగ్రీలు. నువ్వు చదివిన పేపర్లు బహుశా రెండు వేర్వేరు లేజర్లని కలిపి మిల్లీమీటర్ వేవ్ పుట్టించేవి. అక్కడ రెండు లేజర్ల లైన్‌విడ్త్‌లూ కూడి సిగ్నల్ మీద పడతాయి, పైలట్ లేకపోతే కాన్‌స్టెలేషన్ (సింబల్ పాయింట్ల బొమ్మ) గిర్రున తిరిగిపోతుంది.

కాబట్టి పైలట్ ఏ పనికో ముందు రాసుకో. గెయిన్ కొలవడానికా, యాంటెన్నా దగ్గర లోకల్ ఆసిలేటర్‌గానా (ఫ్రీక్వెన్సీ పైకెత్తడానికి మిక్సర్‌కి ఇచ్చే టోన్), ఫేజ్ నాయిజ్ తీయడానికా, ఛానల్ అంచనాకా. నీ టైటిల్‌కి నాకు నచ్చేది రెండోది. డేటా 3 గిగాహెర్ట్జ్ దగ్గర, దానితో పాటు పైలట్ ఆసిలేటర్ ఫైబర్‌లో పోతుంది, రిమోట్ యూనిట్‌లో సొంత ఆసిలేటర్ అక్కర్లేదు. ఆసిలేటర్ కూడా ఎక్కువ ఫ్రీక్వెన్సీ అయితే దానికీ ఫేడింగ్ ఉంటుంది, దాన్ని సింగిల్ సైడ్‌బ్యాండ్‌గా పంపు. బ్యాండ్ లోపలి పైలట్లు ఎలాగూ ఓఎఫ్‌డీఎంలో ఉంటాయి. 802.11ఏలో 52 సబ్‌క్యారియర్లలో 4 పైలట్లు, ప్లస్ మైనస్ 7, 21 స్థానాల్లో. 5జీలో మిల్లీమీటర్ వేవ్ ఫేజ్ నాయిజ్ కోసమే ప్రత్యేకంగా ఫేజ్ ట్రాకింగ్ రెఫరెన్స్ సిగ్నల్ పెట్టారు. ఇవి సింబల్ మొత్తానికి ఉమ్మడిగా తిరిగిన ఫేజ్‌ని సరిచేస్తాయి. సింబల్ లోపలే వేగంగా వణికితే సబ్‌క్యారియర్లు ఒకదాని మీద ఒకటి పడతాయి, ఆ 4 పైలట్లు దాన్ని తీయలేవు.

పవర్ విషయానికి, డేటా మొత్తం పవర్ కంటే 10 డీబీ తక్కువతో మొదలుపెట్టు. మాడ్యులేటర్‌కి ఇచ్చే మొత్తం పవర్ మార్చకుండా పైలట్ వాటా మార్చుకుంటూ పో. 10 డీబీ తక్కువ పైలట్ వల్ల డేటా కోల్పోయేది 0.4 డీబీ మాత్రమే.

సిరిపురం_స్కాలర్

పవర్ దగ్గర నేను కొంచెం వేరేగా అంటాను. రిసీవర్ ఏదన్న దాన్ని బట్టి అది. పైలట్‌ని నారో ఫిల్టర్‌తో విడదీసి శుభ్రం చేసి మిక్సర్‌కి ఇస్తే డీఎస్పీ గారు చెప్పిన 10 డీబీ తక్కువ చాలు. కానీ యాంటెన్నా అవతల మామూలు ఎన్వలప్ డిటెక్టర్ పెట్టి పైలట్‌నీ డేటానీ నేరుగా గుణిస్తే, ఫలితం రెండు పవర్ల లబ్ధం మీద ఆధారపడుతుంది, మొత్తం ఫిక్స్ అయినప్పుడు లబ్ధం గరిష్ఠం అయ్యేది రెండూ సమానంగా ఉన్నప్పుడు. డేటాకి 3 డీబీ పోయినా సరే సమానం దగ్గరే బాగుంటుంది. రెండూ సిమ్యులేట్ చేసి ఒకే గ్రాఫ్‌లో పెడితే నీ ప్రాజెక్టుకి అదే ప్రాణం.

గ్యాప్ కూడా చూసుకో. ఎన్వలప్ డిటెక్టర్‌లో డేటా తనతో తానే గుణించుకుని సున్నా నుంచి 100 మెగాహెర్ట్జ్ దాకా చెత్త వేస్తుంది. అసలు డేటా పైలట్‌కి ఎంత దూరంలో ఉందో అక్కడ పడుతుంది. కాబట్టి పైలట్‌కీ డేటా దగ్గరి అంచుకీ మధ్య కనీసం 100 మెగాహెర్ట్జ్ ఖాళీ వదులు. మాడ్యులేటర్ వంకర వల్ల పైలట్ చుట్టూ లేచే మూడో ఆర్డర్ చెత్త కూడా రెండు పక్కలా డేటా వెడల్పంతే ఉంటుంది, అదే గ్యాప్ దానికీ పనికొస్తుంది. డ్రైవ్ 1 డీబీ పెంచితే ఆ చెత్త 3 డీబీ లేస్తుంది, గుర్తుపెట్టుకో.

రుషికొండ_డీఎస్పీ

ఒప్పుకుంటాను, నేను ఫిల్టర్ రిసీవర్ మనసులో పెట్టుకుని చెప్పాను. ఈవీఎం (అందిన పాయింట్ ఉండాల్సిన చోటు నుంచి ఎంత జరిగిందో) కొలిచేటప్పుడు హద్దులు 3జీపీపీవి (మొబైల్ ప్రమాణాలు రాసే సంస్థ) వాడు: క్యూపీఎస్‌కేకి 17.5 శాతం, 16 క్యూఏఎంకి 12.5, 64 క్యూఏఎంకి 8, 256కి 3.5. నీకు కావాల్సింది 8.

కైలాసగిరి_ఎంటెక్

అర్థమైంది అక్కా. రెండు రిసీవర్లూ చేస్తాను. ఒక్కటి మాత్రం చెప్పండి, పైలట్ 26, డేటా 26.1 నుంచి 26.2 అనుకుందాం. పైలట్‌తో ఫేజ్ సరిచేస్తే డేటాకి అన్ని పొడవుల్లోనూ నమ్మొచ్చా?

సిరిపురం_స్కాలర్

నల్ దగ్గర నమ్మొద్దు. డబుల్ సైడ్‌బ్యాండ్‌లో 5.43 కిలోమీటర్ల దగ్గర పైలట్ పూర్తిగా పోతుంది, డేటా మాత్రం 26.1 దగ్గర 38 డీబీ, 26.2 దగ్గర 32 డీబీ కింద ఇంకా కొనఊపిరితో ఉంటుంది. ఒకే బ్యాండ్‌లో 6 డీబీ వాలు. ఇంతకంటే పెద్ద ప్రమాదం ఉంది. నల్ దాటగానే కొసైన్ గుర్తు మారుతుంది, అంటే ఫేజ్ 180 డిగ్రీలు తిరుగుతుంది. పొడవు సుమారు 5.39 నుంచి 5.43 మధ్య ఉంటే నల్ సరిగ్గా పైలట్‌కీ డేటాకీ మధ్య ఉన్న ఖాళీలో కూర్చుంటుంది, పైలట్ ఒక వైపు, డేటా మొత్తం ఇంకో వైపు. పైలట్ ఫేజ్‌తో సరిచేస్తే డేటా అంతా 180 డిగ్రీలు తిరిగి వస్తుంది. 64 క్యూఏఎం కాన్‌స్టెలేషన్ సగం చుట్టు తిప్పినా చూడటానికి తేడా ఉండదు, దగ్గరి పాయింట్‌తో పోల్చి లెక్కేసే ఈవీఎం కూడా బాగానే చూపిస్తుంది, బిట్లు మాత్రం తప్పు. కాబట్టి ఈవీఎం ఒక్కటే కాకుండా పంపిన బిట్లతో పోల్చి బిట్ ఎర్రర్ కూడా ప్లాట్ చెయ్యి. ముందు ఫొటోడయోడ్ నాయిజ్ ఆపేసి, 5.35 నుంచి 5.45 దాకా 10 మీటర్ల మెట్లతో పొడవు స్వీప్ వెయ్యి. సింగిల్ సైడ్‌బ్యాండ్‌తో అదే స్వీప్ పక్కన పెట్టి రెండు గ్రాఫ్‌లూ ఇక్కడ పోస్ట్ చెయ్, చూసి చెప్తాం.